ఉత్తరాన ఖాళీ నేల ఎక్కడుంది?

మార్చి నెలలో ఫిన్లాండ్ పైకొసన ఉన్న ఇనారి దగ్గర ఒక అడవిలో, తొడల దాకా మంచులో దిగబడి, ఒక రెయిన్‌డీర్ (చలిదేశాల్లో మందలుగా పెంచే జింక) కాపరి పారతో గొయ్యి తవ్వుతుంటే పక్కనే నిలబడి చూశాను. మా ఆఫీసులో పనిచేసే ఒకమ్మాయికి ఆయన మామయ్య అవుతాడు. అరవై దాటి ఉంటాయి. గొయ్యి తవ్వి, ఒక పక్క గోడని పార అంచుతో నున్నగా చెక్కి, ఇటు రా చూడు అన్నాడు. పైన మూరెడు మందాన మైదాపిండి లాంటి మంచు, దాని కింద కాస్త గట్టిపడిన పొర, ఆ కింద కల్లుప్పు లాగా వేళ్ళ మధ్య నుంచి జారిపోయే గింజ మంచు. ఆ గింజ మంచు మంచిది, జీవం కాలితో గీకితే చెదిరిపోతుంది అన్నాడు. తర్వాత పారని తిరగేసి కర్రతో అడుగున కొట్టాడు. ఠంగుమంది. వేలెడు మందాన గాజు పలక లాంటి గడ్డ. దాని లోపల తెల్లటి లైకెన్, గాజు పెట్టెలో పెట్టిన పువ్వులాగా, కళ్ళ ముందే కనబడుతోంది గానీ అందదు.

నవంబరులో రెండు రోజులు వాన పడింది, అంతే, అన్నాడాయన.

ఆ రెండు రోజుల వాన గురించే ఈ పోస్టు. ఐదేళ్ళుగా ఫిన్లాండ్‌లోనే ఔలు అనే ఊళ్ళో ఉంటున్నాను, టెలికాం ఉద్యోగం, చుట్టూ మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే అందరూ అడిగే మాట ఒకటే, అక్కడ మంచు కరిగిపోతోందంట కదా అని. కరుగుతోంది, నిజమే. 1979 నుంచి లెక్క వేస్తే ఆర్కిటిక్ ప్రాంతం మిగతా భూగోళం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని ఫిన్లాండ్ పరిశోధకులే 2022లో లెక్కగట్టి చెప్పారు. కానీ ఇక్కడ జీవాల మీద బతికేవాళ్ళకి అసలు దెబ్బ కొడుతున్నది ఇంకొకటి. మంచు పడాల్సిన నెలలో వాన పడి, ఆ వాన మంచులోంచి నేలదాకా ఇంకి, మళ్ళీ చలి తిరగగానే గడ్డకట్టి, మేత మీద మూతలాగా బిగుసుకుపోతోంది. అక్టోబరు చివర, నవంబరులో అలా ఒక్కసారి బిగుసుకుందంటే ఏప్రిల్ దాకా ఊడిరాదు.

రెయిన్‌డీర్ చలికాలమంతా ముఖ్యంగా లైకెన్ మీదే గడుపుతుంది. మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు ఉంది చూడండి, అదీ లైకెనే. ఇక్కడ నేలమీద పరుచుకునేది తెల్లగా, కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. ఎండినప్పుడు కాలికింద అప్పడంలా నలిగిపోతుంది, తడిస్తే స్పంజి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది, ఒకచోట పూర్తిగా మేసేస్తే మళ్ళీ రావడానికి దశాబ్దాలు పడుతుంది. మంచు కింద ఎక్కడుందో ఆ జీవం వాసనతో పసిగట్టి, ముందుకాలితో తవ్వుకుని తింటుంది. గడ్డ పలక మధ్యలో ఉంటే వాసన పైకి రాదు, వచ్చినా డెక్క దిగదు. ఇంకో బాధ, నేల చల్లబడకముందే తడి మంచు పడితే కింద మేతకి బూజు పడుతుంది, అది తింటే జీవం జబ్బు పడుతుంది.

సామి అంటే ఈ ఉత్తరాది ఆదివాసులు. వాళ్ళ ఉత్తర సామి భాషలో గువొహ్తున్ అని ఒక మాట ఉంది. మంచు, దాని కింద మేత, జీవం ఆ మేతని అందుకోగలదా లేదా, ఇదంతా కలిపి ఒకే మాట. మేత ఉంది అంటే సరిపోదు, అందాలి. మంచు ఎంత లోతు పడింది అన్నది వాతావరణ శాఖ చెప్తుంది, గువొహ్తున్ ఎట్లా ఉందో పార పట్టుకుని పోయిన మనిషే చెప్పాలి.

అది పూర్తిగా చెడిపోతే ఏమవుతుందో రష్యాలోని యమల్ ద్వీపకల్పంలో చూశారు. అక్కడ నెనెట్స్ జాతివాళ్ళు మందలతో పాటే వందల కిలోమీటర్లు నడుస్తూ బతుకుతారు. 2013 నవంబరులో వాన పడి గడ్డకట్టింది. ఆ చలికాలంలో 2,75,000 జీవాల్లో 61,000 ఆకలితో చచ్చిపోయాయి. అంతకుముందు 2006లో ఇలాగే 20,000. పక్కనున్న బారెంట్స్, కారా సముద్రాల మీద మంచు ఆలస్యంగా కట్టడం వల్ల తేమ గాలి లోపలికి వస్తోందని శాస్త్రవేత్తలు ఆ వానలకి కారణం చూపించారు. మంద పోయిన కుటుంబాలు కొన్ని చేపల వేటకి దిగి, చుట్టాల దగ్గర నాలుగు జీవాలు అప్పు తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టాయి. తర్వాత 2016 ఎండాకాలంలో అదే యమల్‌లో ఎండ 35 డిగ్రీలు తాకి, ఎప్పుడూ కరగని నేల కరిగి, ఆంత్రాక్స్ లేచింది. రెండు వేలకు పైగా జీవాలు, ఒక పన్నెండేళ్ళ పిల్లాడు పోయారు.

ఇక్కడిదాకా చదివితే ఇది ప్రకృతి చేసిన అన్యాయం, పాపం వాళ్ళు అనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. కానీ ఆ కాపరితో మూడు రోజులు తిరిగాక నాకు అర్థమైంది ఏమిటంటే, వాన పడి గడ్డకట్టడం వాళ్ళకి కొత్త కాదు. ఎప్పుడో ఒకసారి వాళ్ళ తాతల కాలంలోనూ జరిగింది, దాన్ని తట్టుకునే దారులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. ఇప్పుడు అది తరచుగా జరుగుతోంది, సరిగ్గా అదే సమయానికి ఆ దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. వాటిని మూసింది వాన కాదు, మనుషులే, చాలావరకు ప్రభుత్వాలూ కంపెనీలూ. నా కోపం అక్కడుంది.

మొదటి దారి, ఇక్కడ గడ్డకడితే ఇంకోచోటికి తోలుకుపోవడం. లోపల అడవిలో పాడైతే సముద్రం వైపు, అక్కడ పాడైతే లోపలికి. అయితే 1852లో నార్వే సరిహద్దు మూశారు, 1889లో స్వీడన్ సరిహద్దు మూశారు. అప్పటికి ఫిన్లాండ్ రష్యా చక్రవర్తి కింద ఉండేది. రాజుల గొడవల్లో గీత గీస్తే వందల ఏళ్ళుగా ఎండాకాలం తీరానికి పోయే మందలు ఆ గీత దగ్గర ఆగిపోయాయి. ఈరోజు ఫిన్లాండ్‌లో రెయిన్‌డీర్ మేపే ప్రాంతాన్ని 54 పాలిస్కుంతలుగా విడగొట్టారు. అంటే కాపరుల సంఘాలు అనుకోండి, ఒక్కోదానికి ఒక్కో హద్దు, ఎన్ని జీవాలు ఉంచాలో ఒక్కో లెక్క, మొత్తం దేశానికి 2,03,700. హద్దు దాటి పోవడానికి లేదు.

రెండో దారి ముసలి అడవి. ఇది నాకు అస్సలు తెలియని సంగతి. బాగా వయసొచ్చిన స్ప్రూస్ చెట్ల కొమ్మలకి నల్లగా, జటలు కట్టిన జుట్టులాగా ఇంకో రకం లైకెన్ వేలాడుతుంది. దాన్ని లుప్పో అంటారు. నేలమీద మేత గాజు కింద చిక్కుకున్నప్పుడు రెయిన్‌డీర్‌ని బతికించేది అదే. మార్చిలో మంచు గట్టిపడి ఎత్తు పెరుగుతుంది కాబట్టి జీవం దానిమీద నిలబడి పై కొమ్మలు కూడా అందుకుంటుంది. ఆయన ఒక కొమ్మ వంచి చూపిస్తే చేతిలో పట్టుకున్నాను, బరువే లేదు, పొడి వాసన. ఈ చెట్టు నాకంటే మా నాన్న కంటే పెద్దది, కొట్టేసి మళ్ళీ నాటితే నా మనవడి మనవడు చూస్తాడేమో అన్నాడు. ఇనారి అడవుల్లో చెట్లు కొట్టడం మీద ప్రభుత్వ అటవీ సంస్థకీ కాపరులకీ ఏళ్ళ తరబడి పెద్ద గొడవ నడిచింది, చివరికి కొన్ని అడవులని కొట్టకుండా వదలడానికి ఒప్పందం కుదిరింది. స్వీడన్‌లో నేల లైకెన్ దట్టంగా ఉండే అడవులే అరవై ఏళ్ళలో 71 శాతం తగ్గిపోయాయని అక్కడి పరిశోధన తేల్చింది. కాగితం గుజ్జుకీ దుంగలకీ చెట్టు కొట్టినప్పుడు దాని కొమ్మకి వేలాడే మేత ఏ లెక్కలోనూ ఉండదు.

మూడోది, ఇప్పుడు అందరూ చెప్పే దారి, మేత కొని పెట్టడం. ఎండుగడ్డి, దాణా గుళికలు. ఫిన్లాండ్‌లో ఇది 1970ల నుంచీ నెమ్మదిగా అలవాటైంది. పెట్టొచ్చు, చాలామంది పెడుతున్నారు, పెట్టకపోతే గతిలేని సంవత్సరాలూ ఉన్నాయి. కానీ కొనే మేత ఖర్చుకి మాంసం మీద వచ్చే డబ్బు ఎక్కడికీ చాలదు. పైగా దొడ్డిలో ఒకేచోట గుమిగూడి తినే జీవాలకి కళ్ళ జబ్బులు అంటుకుంటాయి, చూపు కూడా పోతుంది. దొడ్డిలో కట్టేసి మేపాల్సి వస్తే అది పశువుల ఫారం అవుతుంది గానీ రెయిన్‌డీర్ కాపరితనం ఎట్లా అవుతుంది అని ఆయన భార్య అడిగింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇంతకీ ఒక విషయం చెప్పాలి. మొదటి రోజే నేను, మీకు ఎన్ని జీవాలున్నాయి అని అడిగేశాను. ఇద్దరూ ఒకసారి మొహాలు చూసుకుని, టీ పోస్తూ మాట మార్చేశారు. తర్వాత మా ఆఫీసు అమ్మాయి ఫోన్‌లో చెప్పింది, అది నీ బ్యాంకులో ఎంతుంది అని అడిగినట్టు అని. నాకు ఠక్కున మా ఊరు గుర్తొచ్చింది. మాది పాత అనంతపురం జిల్లాలో (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) పెనుకొండ వైపు, గొర్రెల మీద బతికిన ఇల్లు. మా తాత ముందు మందని వేలు చూపిస్తూ ఎవరైనా లెక్కపెడితే ఆయనకి ఎంత చిరాకో, దిష్టి తగులుతుందని తిట్టేవాడు. మా వాళ్ళు గొర్రె వీపు మీద రంగు పూస్తారు, వీళ్ళు దూడ చెవి అంచు మీద కత్తితో చిన్న చిన్న గాట్లు పెడతారు, ఒక్కో ఇంటిది ఒక్కో గుర్తు, దూరం నుంచి పరిగెత్తే మందలో ఆ చెవిని చూసి ఇది మన అక్కది, ఇది పక్కింటోళ్ళది అని చెప్పేస్తారు. వీళ్ళు మ్యూజియంలో మనుషులు అనుకోవద్దు. స్నోమొబైల్ ఉంది, డ్రోన్ ఉంది, జీవాల మెడకి జీపీఎస్ పట్టీలున్నాయి. కొత్తదేదైనా పనికొస్తే ముందు పట్టుకునేది వీళ్ళే. వీళ్ళు మారరు అని ఎవరైనా అంటే అది తెలియక అనే మాట.

ఇప్పుడు గాలిమరల సంగతి. నేను వీటికి వ్యతిరేకిని కాదు. బొగ్గు మానాలి, కరెంటు గాలి నుంచీ ఎండ నుంచీ రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఔలు నుంచి కెమి వైపు సముద్రం పక్కన కారులో పోతుంటే వరసగా తిరిగే గాలిమరలని చూసి ప్రతిసారీ మంచి పని జరుగుతోంది అనుకునేవాణ్ణి. నార్వేలోని ఫోసెన్ గురించి చదివాక ఆ అనుకోవడం అంత తేలిక కాలేదు.

ఫోసెన్‌లో, స్టూర్‌హేయా, రోవాన్ అనే రెండుచోట్ల కలిపి 151 గాలిమరలు నిలబెట్టారు. అది దక్షిణ సామి కుటుంబాల చలికాలపు మేత నేల. గాలికి మంచు ఎగిరిపోయే ఎత్తు గుట్టలు అవి, గడ్డకట్టిన ఏడాది కూడా అక్కడ మేత తేలి ఉంటుంది. గాలి బాగా వీచేచోటే గాలిమర పెడతారు కదా, జీవాలకి ప్రాణం నిలిపేచోటు కూడా సరిగ్గా అదే. రెయిన్‌డీర్ ఆ తిరిగే రెక్కల దగ్గరికి రాదు, కిలోమీటర్ల దూరం నుంచే తప్పుకుంటుంది. కాపరులు కోర్టుకి వెళ్ళారు. కేసు నడుస్తుండగానే మరలు లేచాయి. 2021 అక్టోబరు 11న నార్వే సుప్రీంకోర్టు, ఆ లైసెన్సులు చెల్లవు, సామి ప్రజల సంస్కృతి హక్కుని ఇవి తొక్కేశాయి అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. తీర్పు వచ్చిన మర్నాడు మరలు తిరుగుతూనే ఉన్నాయి, ఆ మర్నాడూ తిరిగాయి. ఐదువందల రోజులు గడిచాక, 2023 ఫిబ్రవరిలో, సామి యువతీయువకులు వాళ్ళ సంప్రదాయ బట్టలతో ఓస్లోలో ఇంధన మంత్రిత్వ శాఖలో బైఠాయించారు, వాతావరణ ఉద్యమకారిణి గ్రేటా థున్‌బర్గ్ వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. మంత్రి క్షమాపణ చెప్పాడు. 2023 డిసెంబరులో ఒక సమూహంతో, 2024 మార్చిలో రెండోదానితో ప్రభుత్వం, కంపెనీలు రాజీ ఒప్పందాలు చేసుకున్నాయి. మరలు అక్కడే ఉన్నాయి.

మానవ హక్కులకి పెట్టింది పేరైన దేశంలో, సుప్రీంకోర్టులో గెలిచి, ఆఖరికి రాజీ పడాల్సి వచ్చింది. వాతావరణం మారడానికి ఈ కాపరులు చేసిందేమీ లేదు. ఆ మార్పు మొదటి దెబ్బ వాళ్ళకే తగిలింది. దానికి మందు అని మనం వేసేది కూడా తెచ్చి వాళ్ళ నేలమీదే వేస్తున్నాం. స్వీడన్‌లో కిరునా ఊరు చూడండి. ఇనుప గని కోసం ఊరినే పక్కకి జరుపుతున్నారు, 2025 ఆగస్టులో 672 టన్నుల చెక్క చర్చిని చక్రాల మీద ఐదు కిలోమీటర్లు తీసుకెళ్ళారు, ప్రపంచమంతా టీవీలో చూసింది. దాని పక్కనే 2023లో అరుదైన ఖనిజాల పెద్ద నిక్షేపం ప్రకటించారు, యూరప్‌లో తెలిసినవాటిలో అదే అతి పెద్దదన్నారు, ఎలక్ట్రిక్ కార్లకీ గాలిమరలకీ కావాలన్నారు. అక్కడ మందలు తోలే గాబ్నా సంఘంవాళ్ళు చెప్తున్నది ఒక్కటే, ఇప్పటికే ఉన్న గని వల్ల దారి సన్నబడింది, ఇది కూడా వస్తే మా మంద తూర్పు నుంచి పడమరకి పోయే దారి తెగిపోతుంది అని. చర్చికి దారి దొరికింది, మందకి దొరకలేదు.

ఇదంతా చదివేటప్పుడు నాకు నిద్ర పట్టనివ్వనిది మా సొంత జిల్లా. మా వైపు కల్పవల్లి అని కొండ ప్రాంతం ఉంది. 1990ల నుంచి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి, బోడి గుట్టల్ని కాపు కాసి, మంటలు ఆర్పి, విత్తనాలు చల్లి వేల ఎకరాల్లో గడ్డి, ఈతచెట్లు, అడవి తిరిగి తెచ్చుకున్నారు. జీవాలకి కరువులో కూడా మేత దొరికేది. రెవెన్యూ రికార్డులో మాత్రం అది బంజరు. బంజరు అని రాసి ఉంది కాబట్టి గుట్టల తలలు చదును చేసి, రోడ్లు కోసి, గాలిమరలు పెట్టారు. కోసిన మట్టి వానకి కొట్టుకొచ్చి వంకల్లో పూడింది. కేసు నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. అనంతపురంలో బంజరు అనే మాట ఏం చేసిందో, ఇక్కడ నిర్జన ప్రదేశం అనే మాట అదే చేస్తోంది. మ్యాపులో ఇల్లు కనపడకపోతే అక్కడ ఎవరూ లేరని ఆఫీసులో కూర్చున్నవాడు అనుకుంటాడు. మంద ఏడాదికి ఇరవై రోజులే ఆ గుట్టమీద ఉండొచ్చు. ఆ ఇరవై రోజులు లేకపోతే మిగతా మూడువందల నలభై ఐదు రోజులు కూడా లేవు.

సరే, కాపరితనం వదిలేసి వేరే పని చూసుకోవచ్చు కదా అని నా స్నేహితుడొకడు అన్నాడు, మంచి మనసుతోనే అన్నాడు. టూరిజం ఉంది, చేపలున్నాయి అని. చేపల సంగతే చెప్తాను. ఫిన్లాండ్, నార్వేల మధ్య తేనో నది ఉంది, అట్లాంటిక్ సాల్మన్‌కి పేరుమోసిన నది. నది పక్క సామి కుటుంబాలకి రెయిన్‌డీర్ ఎంతో ఆ చేపా అంతే. సముద్రానికి పోయిన చేప తిరిగిరావడం తగ్గిపోయి, 2021 నుంచి అక్కడ సాల్మన్ పట్టడమే ఆపేశారు. దానికి బదులు పసిఫిక్ సముద్రపు గులాబీ సాల్మన్ వచ్చి పడుతోంది. 1950ల నుంచి సోవియట్‌వాళ్ళు కోలా వైపు నదుల్లో వదిలిన జాతి అది. 2017 నుంచి బేసి సంవత్సరాల్లో గుంపులు గుంపులుగా ఎక్కి, గుడ్లు పెట్టి, చచ్చి, నదిలోనే కుళ్ళుతుంది. అమ్మమ్మ వల వేయడం నేర్పిన పిల్లకి ఆ వల నీళ్ళలో దింపే వీలు లేకుండా ఏళ్ళు గడిచిపోతున్నాయి. ఒక పని పోతే ఇంకో పని అన్నప్పుడు ఆ ఇంకో పని కూడా అదే నీళ్ళమీద, అదే చలిమీద ఆధారపడి ఉంటుంది కదా. టూరిస్టులు వచ్చేది కూడా మంచు కోసం, రెయిన్‌డీర్ కోసమే.

నేను అడిగేది పెద్దగా ఏమీ లేదు. పరిహారం లెక్క కట్టేముందు, మేత గడ్డకట్టిన ఏడాది ఈ మంద ఎక్కడికి పోతుంది అని అడగండి, ఆ చోటుని ముట్టుకోకండి. మామూలు ఏడాదిని చూసి కాదు, చెడ్డ ఏడాదిని చూసి మ్యాపు గీయండి. కోర్టు తీర్పు రాకముందే కాంక్రీటు పోయకండి. ముసలి అడవిని మేతగా లెక్క రాయండి. చేస్తే అవుతుందని ఒకసారి చూశాం కూడా. ఆర్కిటిక్ సముద్రంలో మంచు తగ్గి ఓడల దారి తెరుచుకుంటుందని ఫిన్లాండ్‌లోని రొవానియెమి నుంచి నార్వేలోని కిర్కెనెస్ దాకా రైలు వేస్తామన్నారు, సరిగ్గా మేత నేలల్ని చీల్చుకుంటూ. సామి జనం గట్టిగా అడ్డం నిలబడ్డారు, డబ్బు లెక్కా కుదరలేదు, 2021లో లాప్లాండ్ ప్రాంతీయ మండలి దాన్ని ప్రణాళికలోంచి తీసేసింది. రైలు రాలేదని ఎవరి కొంపా మునగలేదు.

పోయిన నవంబరులో ఒక మధ్యాహ్నం ఫోన్‌లో చూస్తే ఇనారిలో ప్లస్ రెండు డిగ్రీలు, వాన గుర్తు. ఔలులో కూడా చలి తగ్గింది, క్యాంటీన్‌లో అందరూ హాయిగా ఉందని నవ్వుకుంటున్నారు. నాకు కాఫీ గొంతు దిగలేదు. ఆయనకి మెసేజ్ పెట్టాను, వాన పడుతోందా అని. రాత్రి ఎనిమిది దాటాక జవాబు వచ్చింది.

పడుతోంది. నేల ఇంకా గట్టిపడలేదు. రేపు మందని తూర్పు పక్క అడవిలోకి తోలుతున్నాం, అక్కడ కొట్టని చెట్లు ఇంకా కొన్ని ఉన్నాయి.